ఢిల్లీ నుంచి కర్మనాశ దాకా: ఒక రహదారి, మూడు ప్రశ్నలు

మెయిన్స్ చివరి పేపరు రాసి గదికి వచ్చిన రాత్రి మా రూమ్మేట్ ఒక మాటన్నాడు. "ఎలా రాశామో ఆ విశ్వనాథుడికే తెలియాలి. కారు వేసుకుని కాశీ పోదాం రా."

ఫోనులో దారి వెతికాం. యమునా ఎక్స్‌ప్రెస్‌వే 165 కి.మీ., ఆగ్రా–లక్నో ఎక్స్‌ప్రెస్‌వే 302 కి.మీ., లక్నో నుంచి గాజీపూర్ దాకా పూర్వాంచల్ ఎక్స్‌ప్రెస్‌వే 341 కి.మీ. మూడూ కలిపితే 808. ఉత్తరప్రదేశ్‌ను పడమటి అంచు నుంచి తూర్పు అంచుకు ఒక్క రోజులో దాటేయొచ్చు. కానీ ఆ దారిలో ఒక్క ఊరూ మధ్యలో తగలదు. నేను అట్లాసు తీసి పాత గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద వేలు పెట్టాను. అలీగఢ్, కన్నౌజ్, కాన్పూర్, ఫతేపూర్, ప్రయాగ, కాశీ. ఏ పేరు చూసినా మన సిలబస్సే. తెల్లవారేసరికి ప్రయాణ ప్రణాళిక కాస్తా చరిత్ర నోట్సుగా మారింది. మిత్రులారా, ఆ నోట్సునే మీకోసం వ్యాసంగా రాస్తున్నాను.

ఇలా రాయడానికి ఇంకో కారణం ఉంది. అంతకుముందు ప్రయత్నంలో షేర్షా రోడ్ల మీద ఒక ప్రశ్నకు నేను పేజీ నిండా రాశాను. నాలుగు రోడ్లు, 1,700 సరాయిలు, చెట్లు, బావులు అన్నీ రాశాను. ప్రశ్న అడిగింది ఆ రోడ్ల వెనక ఉన్న ఉద్దేశం గురించి. దాని గురించి ఒక్క వాక్యం రాయలేదు. మార్కులు ఎలా వచ్చాయో మీరే ఊహించుకోండి. మీరు ఆ పొరపాటు చేయకూడదు.

మూడు ప్రశ్నలు

దూరప్రయాణం ఎవరు వేసుకున్నా మూడు విషయాలు తేల్చుకోవాలి. నది ఎక్కడ దాటాలి? రాత్రి ఎక్కడ ఆగాలి? ఈ దారి ఖర్చు ఎవరు పెట్టారు, ఎవరి కోసం పెట్టారు? మొదటిది భూగోళం, రెండోది ఆర్థిక, సామాజిక చరిత్ర, మూడోది రాజకీయం. రోడ్ల మీద ఏ ప్రశ్న వచ్చినా ఈ మూడింటినీ అడిగితే జవాబు దానంతట అదే దారిలో పడుతుంది.

వీటికి ముందు, ఎప్పుడు బయల్దేరాలో చూద్దాం. డిసెంబరు, జనవరి నెలల్లో గంగా మైదానంలో పొగమంచు ఎదుటి బండిని కూడా కనిపించనివ్వదు. వానాకాలంలో నదులు పొంగుతాయి. అక్టోబరు మంచిది. పూర్వం రాజులూ వానలు తగ్గి, విజయదశమి వెళ్లాకే సేనలు కదిపేవారు. ఈ లెక్క తప్పితే ఏమవుతుందో హుమాయూన్‌కు తెలిసొచ్చింది. 1539 జూన్‌లో, వానల వేళ, చౌసా దగ్గర షేర్‌ఖాన్ చేతిలో ఓడి గంగలో దూకి ప్రాణం దక్కించుకున్నాడు. చౌసా ఉన్నది గంగలో కర్మనాశ కలిసే చోట. మన ప్రయాణం ముగిసేది ఆ కర్మనాశ ఒడ్డునే.

మొదటి మజిలీ: ఢిల్లీ

బయల్దేరే ముందు ఫిరోజ్ షా కోట్లాలో ఆగుదాం. అక్కడి అశోక స్తంభాన్ని 14వ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ నేటి హరియాణాలోని టోప్రా నుంచి తెప్పించి నిలబెట్టాడు. ఏడో స్తంభ శాసనం ఉన్నది ఈ ఒక్క స్తంభం మీదే. ప్రిలిమ్స్‌కు గుర్తుంచుకోండి. దారుల వెంట మర్రిచెట్లు నాటించానని, మామిడితోటలు వేయించానని, బావులు తవ్వించానని, మనుషులకూ పశువులకూ నీటి వసతి కల్పించానని అశోకుడు అందులో చెప్పుకున్నాడు. ఆ వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు. దాన్ని చివర్లో చూద్దాం.

ఈ దారి అశోకుడితో మొదలైంది కాదు. పాణిని వ్యాకరణంలోనే ఉత్తరాపథం పేరుంది. వాయవ్య సరిహద్దు నుంచి పాటలీపుత్రం దాకా రాజమార్గం ఉండేదని, దూరాలను, దారి చీలికలను తెలిపే స్తంభాలు పాతేవారని మెగస్తనీస్ మాటగా గ్రీకు రచయితలు రాశారు. మన మైలురాయికి అవి పూర్వీకులన్నమాట.

ఢిల్లీ దాటాలంటే యమున దాటాలి. 1857 మే 11 ఉదయం మీరట్ సిపాయిలు ఢిల్లీలోకి వచ్చింది యమున మీది పడవల వంతెన దాటే. ఆ వంతెనను సకాలంలో తెంచి ఉంటే ఆనాటి కథ ఎలా నడిచేదో! రేవు ఎవరి చేతిలో ఉంటే దారి వాళ్ల చేతిలో ఉన్నట్టే.

రెండో మజిలీ: అంతర్వేదిలో

యమున దాటాక ప్రయాగ దాకా మళ్లీ పెద్ద నది దాటే పని లేదు. ఎందుకంటే మనం గంగా యమునల నడుమ ఉన్న అంతర్వేదిలో, అంటే దోఆబ్‌లో, వెళుతున్నాం. వంతెనలు కట్టడం కష్టమైన కాలంలో ఇంతకంటే తెలివైన దారి ఇంకొకటి లేదు. మొదటి ప్రశ్నకు భూగోళం ఇచ్చిన జవాబు ఇది.

అయితే ఈ దోఆబ్‌లో దారులు రెండు. మొఘలుల దారి ఆగ్రా, ఇటావా, ఖజువాల మీదుగా యమున వైపు నడిచింది. కారణం తెలిసిందే, ఆగ్రా వాళ్ల రాజధాని. గ్రాండ్ ట్రంక్ రోడ్డు పేరుతో కంపెనీ వేసిన దారి అలీగఢ్, ఏటా, కన్నౌజ్‌ల మీదుగా గంగ వైపు నడిచింది. కలకత్తా నుంచి ఢిల్లీకి సైన్యాన్ని, తపాలాను త్వరగా చేర్చడం కంపెనీ అవసరం. ఆగ్రా వైపు వంక తిరగాల్సిన పని దానికి లేదు.

ఆనాటి పెద్ద నగరం లక్నో ఈ దారిలో ఎందుకు లేదు? మూడు తేదీలు చూడండి. 1801లో అవధ్ నవాబు సాదత్ అలీఖాన్ దిగువ దోఆబ్‌ను కంపెనీకి అప్పగించాడు. 1803లో జనరల్ లేక్ అలీగఢ్ కోటను పట్టుకున్నాడు, ఎగువ దోఆబ్ సింధియా చేతి నుంచి జారిపోయింది. గంగ అవతలి అవధ్ మాత్రం 1856 దాకా నవాబుల కిందే ఉంది. కంపెనీ తన రోడ్డును తన భూమి మీదే వేసుకుంది. పటం మీద రోడ్డు గీతను చూసి రాజ్యాల సరిహద్దును ఊహించడమంటే ఇదే. ఇలాంటి ఒక్క వాక్యం మీ జవాబును పదిమంది జవాబుల నుంచి వేరు చేస్తుంది.

1839లో కలకత్తా–ఢిల్లీ రోడ్డుకు గట్టి తలం వేసే పని మొదలైంది. వాడిన రాయి దోఆబ్ మట్టిలోనే దొరికే సున్నపు గడ్డ, స్థానికంగా కంకర్ అంటారు. ఆ కాలంలో రోడ్డు పనుల్లో ఖైదీల చేత కూడా చాకిరీ చేయించారు. పనుల మీద అధికారం సైనిక బోర్డుది. ప్రజాపనుల శాఖను ఆ తర్వాత 1850లలో డల్హౌసీ ఏర్పరిచాడు. ఎవరి కోసం అన్న ప్రశ్నకు, అజమాయిషీ చేసిన శాఖ పేరులోనే సగం జవాబు ఉంది.

మూడో మజిలీ: కన్నౌజ్

మొదటి రాత్రి బస ఇక్కడే. హర్షుడి రాజధాని, పాల, ప్రతీహార, రాష్ట్రకూటుల త్రైపాక్షిక పోరుకు కారణమైన నగరం, నేడు అత్తరుకు పేరున్న ఊరు. 1540 మేలో షేర్షా హుమాయూన్‌ను రెండోసారి ఓడించి ఢిల్లీ గద్దెకు దారి చేసుకున్నది ఈ కన్నౌజ్ దగ్గరే. చౌసా నుంచి కన్నౌజ్ దాకా షేర్షా నడిచింది మన దారి వెంబడే, మనకు ఎదురు దిశలో. ఈ దారిలో సైన్యానికి ఏం కావాలో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రోడ్డు పక్కన ఉన్న పేట పేరు సరాయ్ మీరా. రెండో ప్రశ్నకు జవాబు ఆ పేరులోనే ఉంది. బెంగాల్‌లోని సోనార్‌గావ్ నుంచి సింధు దాకా షేర్షా రోడ్డు వేయించాడని, రెండేసి క్రోసులకు ఒక సరాయి కట్టించాడని, మొత్తం 1,700 సరాయిలని అబ్బాస్‌ఖాన్ సర్వానీ రాశాడు. హిందువులకూ ముస్లింలకూ వేర్వేరు గదులు, వంట ఏర్పాట్లు, తాగునీరు ఉండేవి. ప్రతి సరాయిలో తపాలా గుర్రాలు రెండు సిద్ధంగా ఉండేవి.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ఒకటి, సర్వానీ ఈ పుస్తకం రాసింది అక్బరు కాలంలో. తాను ఆఫ్ఘన్, పోయిన ఆఫ్ఘన్ వైభవాన్ని తలచుకుంటూ రాశాడు. సంఖ్యలు రాసేటప్పుడు "సర్వానీ ప్రకారం" అని రాయండి. ఆ రెండు మాటలతో ఆధారాన్ని తూచడం మీకు తెలుసని పరీక్షకుడికి తెలుస్తుంది. రెండు, తపాలా గుర్రాలు బాటసారి కోసం కాదు. అవి వార్తల కోసం, అంటే పాలకుడి కళ్లూ చెవుల కోసం. కానీ సరాయి చుట్టూ రొట్టెలు కాల్చేవాడు, గుర్రాలకు లాడాలు కొట్టేవాడు, దినుసులు అమ్మేవాడు చేరారు. సరాయిలు పేటలయ్యాయి, పేటలు ఊళ్లయ్యాయి. పాలకుడు తన కోసం వేసిన దారిని జనం తమదిగా చేసుకోవడమంటే ఇదే.

మన భాషలోనూ దీని జాడ ఉంది. ప్రయాణంలో ఆగే చోటును తెలుగులో మజిలీ అంటాం. అరబ్బీ, పారసీ మాట మంజిల్ నుంచి వచ్చింది అది. ఒక రోజు నడకకు సరిపడే దూరం కూడా మజిలీయే.

నాలుగో మజిలీ: కాన్పూర్, ఫతేపూర్

కాన్పూర్ నుంచి ప్రయాగకు దాదాపు 200 కి.మీ. రెండు మూడు గంటల్లో పోవచ్చు. కానీ ఈ ముక్కను తొందరగా దాటకండి.

1857 జూన్‌లో కర్నల్ నీల్ మద్రాసు ఫ్యూజిలియర్స్ అనే ఐరోపా సైనిక దళంతో కాశీ చేరాడు. అక్కడి నుంచి ఈ రోడ్డు మీదే అలహాబాద్‌కు వచ్చాడు. ఆ నెలాఖరులో మేజర్ రెనాడ్ ముందస్తు దళం అలహాబాద్ నుంచి కాన్పూర్ వైపు కదిలింది. దారి పొడవునా ఊళ్లు తగలబెట్టారు, పట్టుబడినవారిని చెట్లకు ఉరితీశారు. రెండు రోజుల్లో 42 మందిని దారి పక్కన ఉరితీశారని ఆ దళంతో ఉన్న అధికారి చెప్పగా టైమ్స్ పత్రిక విలేకరి విలియం హోవర్డ్ రస్సెల్ తన డైరీలో రాసుకున్నాడు. కాన్పూర్‌లో ఆంగ్లేయ స్త్రీలూ పిల్లల హత్య జరగడానికి ముందే ఇది జరిగింది. కాన్పూర్‌కు ప్రతీకారంగానే ఈ ఉరితీతలన్నీ జరిగాయని రాస్తే కాలక్రమం తప్పుతుంది.

ఫతేపూర్ జిల్లాలో బింద్కీ దగ్గర బావనీ ఇమ్లీ అనే చింతచెట్టు ఉంది. 1858 ఏప్రిల్ 28న జోధా సింగ్ అటయ్యానూ ఆయన అనుచరులనూ కలిపి 52 మందిని ఆ చెట్టుకు ఉరితీశారు. నేడది స్మారక స్థలం. కొద్ది దూరంలోనే ఖజువా. 1659 జనవరిలో ఔరంగజేబు తన సోదరుడు షుజాను ఓడించిన చోటు.

అశోకుడు దారి పక్కన చెట్లు నాటించింది నీడ కోసం. జహంగీరు ఆగ్రా–లాహోరు దారిలో చెట్లు నాటించి, క్రోసుకో మినారు కట్టించింది బాటసారి కోసమే. అలాంటి దారిచెట్లే 1857లో ఉరికొయ్యలయ్యాయి. "రోడ్లు ఆధునికీకరణకు బాటలు వేశాయి" అని రాసేముందు ఈ ఫతేపూర్ దారిని ఒకసారి తలచుకోండి. ఆ వాక్యం అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం కూడా రాసినప్పుడే అది చరిత్ర అవుతుంది.

ఐదో మజిలీ: ప్రయాగ

రెండో రాత్రి ఇక్కడ. 1583లో అక్బరు పునాది వేసిన కోటలో ఒక అశోక స్తంభం ఉంది. దాని మీదే హరిషేణుడు రాసిన సముద్రగుప్తుడి ప్రశస్తి, దాని మీదే జహంగీరు శాసనం. ముగ్గురు పాలకులకు ఒకే రాయి. ప్రశస్తిలో సముద్రగుప్తుడు దక్షిణాపథంలో ఓడించి విడిచిపెట్టిన రాజుల జాబితా ఉంది. అందులో పిష్టపురం, అంటే మన పిఠాపురం, వేంగి కనిపిస్తాయి. ఉత్తరాపథం మీద ప్రయాణిస్తూ దక్షిణాపథాన్ని చదవడం తెలుగువాళ్లకు దక్కే ఆనందం.

ఇక్కడ మొదటి ప్రశ్న తిరిగొస్తుంది. అంతర్వేది అయిపోయింది కాబట్టి గంగ దాటక తప్పదు. నేడు శాస్త్రి వంతెన మీదుగా ఝూసీ చేరతాం. వెనకటికి పడవలే గతి. కుంభమేళా వస్తే ఇప్పటికీ తేలు వంతెనలు వేస్తారు. ఉత్తర భారతంలో తొలి రైలు 1859లో ఈ అలహాబాద్–కాన్పూర్ మధ్యే నడిచింది. ఆ తర్వాత ప్రభుత్వం డబ్బూ దృష్టీ రైలు మీదికి పోయాయి. రోడ్ల గురించి మళ్లీ గట్టిగా ఆలోచించింది 1927 జయకర్ కమిటీయే. దాని ఫలితమే 1929 కేంద్ర రోడ్డు నిధి, 1934 ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్.

ఆరో మజిలీ: కాశీ

ప్రయాగ నుంచి 120 కి.మీ. పైచిలుకు. ఇక్కడ మనకంటే ముందు ప్రణాళిక వేసుకుని వచ్చిన ఒక తెలుగు ప్రయాణికుణ్ని తలచుకోవాలి. మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసులో బయల్దేరి, కడప, హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరుల మీదుగా ప్రయాగ, కాశీ చేరి, గయ, కలకత్తా చూసుకుని 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఆయన కాశీయాత్ర చరిత్రలో మజిలీ తర్వాత మజిలీ వస్తుంది. దూరమెంత, నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దారి ఇసుకా రాయా అన్నీ రాశాడు. రాజులు రాయించిన శాసనాల్లో దొరకని సమాచారం అది. రోడ్డును దాని మీద నడిచినవాడి కళ్లతో చూడాలంటే చదవాల్సిన తెలుగు పుస్తకం అదే.

కాశీలో రెండోసారి గంగ దాటాలి. రాజ్‌ఘాట్ దగ్గర 1887లో తెరిచిన డఫరిన్ వంతెన నేటి మాలవీయ వంతెన. కింద రైలు, పైన రోడ్డు. అవతల మొఘల్‌సరాయ్. 2018లో రైల్వే స్టేషన్ పేరు మారినా, పాత పేరులో దారి చరిత్ర మొత్తం ఉంది.

మన కాలపు రోడ్డు

ఇప్పుడు మనం జాతీయ రహదారి 19 మీద చందౌలీ జిల్లాలో ఉన్నాం. రాజ్యాంగం ప్రకారం జాతీయ రహదారులు కేంద్ర జాబితా 23వ అంశం, మిగతా రోడ్లు రాష్ట్ర జాబితా 13వ అంశం. 2010లో రహదారుల సంఖ్యలు మార్చారు. ఉత్తర–దక్షిణ దారులకు సరి సంఖ్యలు, తూర్పు–పడమర దారులకు బేసి సంఖ్యలు. మన హైదరాబాదు, కర్నూలు, అనంతపురాల మీదుగా పోయే 44 సరి సంఖ్య కావడానికి, ఇది 19 కావడానికి కారణం అదే. 1999లో శంకుస్థాపన జరిగిన 5,846 కి.మీ. స్వర్ణ చతుర్భుజిలో ఢిల్లీ–కోల్‌కతా భుజం ఇది. మన విశాఖ, విజయవాడ, నెల్లూరుల మీదుగా పోయే కోల్‌కతా–చెన్నై దారి మరో భుజం.

మూడో ప్రశ్నను ఇక్కడా అడగాలి. ఈ దారిలోనే, సరిహద్దు దాటాక, బిహార్‌లో సత్యేంద్ర దూబే అనే యువ ఇంజినీరు పనిచేశాడు. కాన్పూర్ ఐఐటీలో చదువుకున్నవాడు. స్వర్ణ చతుర్భుజి పనుల్లో అవినీతి గురించి 2002లో ప్రధాని కార్యాలయానికి రాశాడు, తన పేరు బయటపెట్టవద్దని కోరాడు. పేరు బయటికి పొక్కింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ను కాల్చి చంపారు. 2004లో ఇలాంటి ఫిర్యాదులు స్వీకరించే బాధ్యత కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించడం, 2014లో చట్టం రావడం ఆ తర్వాతి పరిణామాలు. నీతిశాస్త్రం పేపరులో ఆయన మనకు ఒక కేస్ స్టడీ. రేపు ఉద్యోగంలో చేరాక అలాంటి ఉత్తరం మన బల్ల మీదికే రావచ్చు. అప్పుడది కేస్ స్టడీ కాదు, ఒక మనిషి ప్రాణం.

2011 మేలో యమునా ఎక్స్‌ప్రెస్‌వే ప్రాంతంలోని భట్టా–పర్సౌల్‌లో భూసేకరణ ఘర్షణల్లో రైతులూ పోలీసులూ ప్రాణాలు కోల్పోయారు. 1894 నాటి చట్టం స్థానంలో 2013 చట్టం రావడానికి ఇలాంటి ఘటనలు ఒత్తిడి పెంచాయి. 2020 లాక్‌డౌన్‌లో ఇదే రహదారుల మీద వలస కూలీలు పిల్లలను ఎత్తుకుని ఇళ్లకు నడిచారు. ఆ మే 16 తెల్లవారుజామున ఔరయ్యా దగ్గర లారీలు ఢీకొని ఇరవై మందికి పైగా కూలీలు చనిపోయారు. దేశమంతా తిరిగే స్వేచ్ఛను 19(1)(డి) అధికరణ ఇచ్చింది. నడిచేవాడికి నీడా నీళ్లూ ఇచ్చేది మాత్రం పాలన.

చివరి మజిలీ: కర్మనాశ

నౌబత్‌పూర్ దగ్గర కర్మనాశ దాటితే బిహార్. ఈ నీళ్లు తాకితే చేసుకున్న పుణ్యం పోతుందని యాత్రికులు భయపడేవారు. కాశీ టంకశాలలో పనిచేసిన ఒక ఆంగ్లేయుడు ఈ నది మీద రాతి వంతెన కట్టించాడు. ఆయన పేరు జేమ్స్ ప్రిన్సెప్. 1837లో బ్రాహ్మీ లిపిని చదివింది ఆయనే. మనం బయల్దేరిన చోట, ఢిల్లీ స్తంభం మీద ఉన్న అక్షరాలు మనకు అర్థమైంది ఆయన కృషితోనే.

ఆ శాసనంలో వాయిదా వేసిన మాట ఇప్పుడు చూద్దాం. చెట్లు, బావులు, నీటి వసతుల గురించి చెప్పాక, ఈ సౌకర్యం చిన్న విషయమే అంటాడు అశోకుడు. పూర్వపు రాజులూ ఇలాంటివి చేశారు, నేను చేసింది మాత్రం జనం ధర్మాన్ని అనుసరించాలని, అని దాని సారాంశం. ఆ ధర్మం మీద మనకు చర్చ ఉండొచ్చు. కానీ రోడ్డు వేయడంతో పాలకుడి పని అయిపోదని, అది దేని కోసమో చెప్పుకోవాలని రెండు వేల ఏళ్ల క్రితమే ఒకాయన రాతి మీద చెక్కించాడు. నేను వదిలేసిన ఆ ఒక్క వాక్యం ఇదే.

సాధన చేయండి

1. షేర్షా సరాయిలు పాలకుడి అవసరానికి పుట్టి ప్రజల అవసరానికి మిగిలాయి. చర్చించండి. (250 పదాలు)
2. గ్రాండ్ ట్రంక్ రోడ్డు మార్గాన్ని నిర్ణయించడంలో భూగోళం, రాజ్య విస్తరణల పాత్రను వివరించండి. (250 పదాలు)
3. వ్యాసం: రోడ్డు ఎవరిది?

జవాబు రాసేముందు పటం గీయండి. దాని మీద మూడు ప్రశ్నలూ గుర్తించండి. కలం ఆ తర్వాతే కదపండి.